లెక్కలోకి రాని పనిని లెక్కలోకి తెచ్చిన వాళ్ళు

మీ ప్రశ్న సారాంశం ఇదీ: డిగ్రీలో ఎకనామిక్స్ కొత్తగా మొదలుపెట్టారు. వ్యాపార, ఆర్థిక రంగాల్లో మహిళలు సాధించినవాటి మీద సెమినార్ ఇవ్వాలి. ఎక్కడ వెతికినా 'ఫలానా పదవి చేపట్టిన తొలి మహిళ' అనే జాబితాలే దొరుకుతున్నాయి. వాళ్ళు అసలు ఏం చేశారో అర్థం కావాలంటే ఏ మూల భావనలు తెలిసుండాలి, ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగారు. చాలా ఏళ్ళు ఈ సబ్జెక్టు పాఠం చెప్పినదాన్ని కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను.

ముందుగా ఆ జాబితాలు పక్కన పెట్టేయండి. క్రిస్టీన్ లగార్డ్ 2011లో అంతర్జాతీయ ద్రవ్య నిధి ఐఎంఎఫ్‌కు, 2019లో యూరోపియన్ సెంట్రల్ బ్యాంకుకు అధిపతి అయ్యారు. జానెట్ యెలెన్ 2014లో అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్‌కు, 2021లో ఆ దేశ ఆర్థిక శాఖకు సారథ్యం వహించారు. ఆ నాలుగు చోట్లా వాళ్ళే తొలి మహిళలు. ఇవి చిన్న విషయాలేమీ కావు. అయితే పదవుల పేర్లు ఎన్ని చదివినా ఎకనామిక్స్ ఒక్క ముక్క ఒంటబట్టదు. ఈ రంగంలో మహిళలు చేసిన పనిని దగ్గరగా చూస్తే మాత్రం ఒక సంగతి మళ్ళీ మళ్ళీ ఎదురవుతుంది. సిద్ధాంతం అప్పటిదాకా చూడకుండా వదిలేసిన పనిని, మనుషుల్ని, ఏర్పాట్లను వాళ్ళు లెక్కలోకి తెచ్చారు. ఆ దారంట వెళ్తే మీకు కావలసిన భావనలన్నీ వరసగా తగులుతాయి.

అవకాశ వ్యయంతో మొదలుపెడదాం. ఒకటి ఎంచుకున్నప్పుడు, దాని కోసం వదులుకున్న వాటిలో అన్నిటికన్నా మేలైనదేదో అదే ఆ ఎంపికకు అయిన అసలు ఖర్చు. జేబులోంచి పైసా తీయకపోయినా ఈ ఖర్చు ఉంటుంది. ఇప్పుడు ఇంటిపని సంగతి చూడండి. వంట, అంట్లు, పిల్లల ఆలనాపాలనా, మంచాన పడ్డ పెద్దవాళ్ళ సేవ. వీటికి జీతం లేదు కాబట్టి ఖర్చు లేదనుకుంటే తప్పు. ఆ గంటలు వేరే దేనికైనా ఉపయోగపడేవే. మరి వీటిని ఉత్పత్తి అనాలా, అనకూడదా?

కెనడాలో పుట్టి అమెరికాలో పనిచేసిన మార్గరెట్ రీడ్ 1934లో గృహ ఉత్పత్తి మీద రాసిన పుస్తకంలో దీనికి ఒక పరీక్ష పెట్టారు. ఆ పనిని డబ్బిచ్చి మూడో మనిషి చేత చేయించుకోవచ్చా? చేయించుకోగలిగితే అది ఉత్పత్తి. మీ బదులు ఇంకొకరు వంట చేయగలరు, బట్టలు ఉతకగలరు, పసిబిడ్డకు స్నానం చేయించగలరు. మీ బదులు ఇంకొకరు నిద్రపోలేరు, అన్నం తినలేరు, సినిమా చూసి ఆనందించలేరు. మొదటివి ఉత్పత్తి, రెండోవి వినియోగం. ఇంతే పరీక్ష. నేటికీ కాల వినియోగ సర్వేలు (జనం రోజులో గంటలు దేనికి వెచ్చిస్తున్నారో అడిగేవి) చేసేవాళ్ళు ఉత్పత్తిని, విశ్రాంతిని విడదీయడానికి దీన్నే వాడుతున్నారు.

అదే 1934లో ఆర్థికవేత్త సైమన్ కుజ్నెట్స్ అమెరికా సెనేట్‌కు జాతీయాదాయం అంచనాలు సమర్పించారు. గృహిణుల సేవలను అందులో కలపలేదని ఆయనే ఆ నివేదికలో చెప్పారు. ఈ మినహాయింపు వల్ల వచ్చే చిక్కును పిగూ అనే ఆర్థికవేత్త అంతకుముందే ఎత్తిచూపారు: ఒకాయన తన ఇంట్లో జీతానికి పనిచేసే ఆమెను పెళ్ళి చేసుకుంటే ఆ దేశ ఆదాయం తగ్గిపోతుంది. పని అదే, మనిషి అదే, ఆగిపోయింది జీతం ఒక్కటే.

1940లలో ఫిలిస్ డీన్ అనే బ్రిటిష్ యువ ఆర్థికవేత్త అప్పటి ఉత్తర రొడీషియా, న్యాసాలాండ్‌ల (ఇప్పటి జాంబియా, మలావీ) జాతీయాదాయం లెక్క కట్టే పనికి దిగారు. అక్కడి పల్లెల్లో జరిగే పనిలో చాలా భాగానికి డబ్బు చేతులు మారదు. ఆడవాళ్ళు కట్టెలు ఏరి తెచ్చి, వండి పెట్టే శ్రమను వదిలేసి ఆ పల్లె ఆదాయం ఇంత అని చెప్పడం తర్కానికి నిలవదని ఆమె వాదించారు. ఆమె మాట అప్పట్లో నెగ్గలేదు. న్యూజిలాండ్‌లో 23 ఏళ్ళకే పార్లమెంటు సభ్యురాలైన మార్లిన్ వేరింగ్ 1988లో, దేశాలు తమ ఆదాయం లెక్కకట్టడానికి పాటించే ఐక్యరాజ్యసమితి జాతీయ ఖాతాల పద్ధతినే నిలదీస్తూ పుస్తకం రాశారు. 1993లో ఆ పద్ధతిని సవరించినప్పుడు సొంత వాడకానికి చేసుకునే వస్తూత్పత్తి, అంటే పంట పండించుకోవడం, నీళ్ళు మోసుకు రావడం, కట్టెలు తెచ్చుకోవడం వంటివి పరిధిలోకి వచ్చాయి. ఇంట్లో వాళ్ళ కోసం జీతం లేకుండా చేసే వంట, సంరక్షణ మాత్రం ఇప్పటికీ జీడీపీ (స్థూల దేశీయోత్పత్తి) బయటే ఉన్నాయి.

దీనికి అవతలి వాదన కూడా మీ సెమినార్‌లో చెప్పాలి. జీడీపీని పన్నులు, ద్రవ్యోల్బణం, నిరుద్యోగం లాంటి విషయాల్లో విధానం తేల్చుకోవడానికి వాడతారు. ధర లేని పనికి ఊహించి ధర కట్టి అందులో కలిపేస్తే ఆ అంకె ఆ అవసరాలకు పనికిరాకుండా పోతుందన్నది గణాంక శాఖల వాదన. అందులో పస ఉంది. అందుకే చాలా దేశాలు ఇంటిపనికి విడిగా అనుబంధ ఖాతా వేస్తున్నాయి. నా అభిప్రాయం అడిగితే విడి ఖాతా సరైన పద్ధతే, కాని పదేళ్ళకోసారి వేసి బీరువాలో పెట్టేది కాకుండా జీడీపీతో పాటే ఏటా ప్రకటించాలి. ఎందుకంటే అంతర్జాతీయ కార్మిక సంస్థ 2018లో 64 దేశాల సర్వేలను బట్టి ఇచ్చిన అంచనా ప్రకారం రోజుకు 1,640 కోట్ల గంటల జీతం లేని సంరక్షణ పని జరుగుతోంది. 200 కోట్ల మంది రోజుకు 8 గంటల చొప్పున చేసే పనితో అది సమానం. అందులో నాలుగింట మూడు వంతులకు పైగా ఆడవాళ్ళదే. ఇంత పెద్ద పనిని చూడకుండా రూపొందించిన విధానం ఏదైనా ఎక్కడో ఒకచోట బెడిసికొడుతుంది. ఆసుపత్రి ఖర్చు తగ్గించడానికి రోగిని రెండు రోజులు ముందే ఇంటికి పంపిస్తే ఖర్చు మాయం కాలేదు, ఇంట్లో ఒకరి గంటల్లోకి మారింది.

ఇక డిమాండ్, సప్లై. వేతనం కూడా ఒక ధరే, అది పోటీలో నిర్ణయమవుతుంది, ప్రభుత్వం దాన్ని బలవంతంగా పెంచితే ఉద్యోగాలు పోతాయి: పాఠ్యపుస్తకం మొదటి అధ్యాయాల్లో ఇలా ఉంటుంది. కేంబ్రిడ్జికి చెందిన జోన్ రాబిన్సన్ 1933లో, సుమారు 30 ఏళ్ళ వయసులో, అసంపూర్ణ పోటీ మీద రాసిన పుస్తకంలో ఒక ప్రశ్న వేశారు. శ్రమను కొనేవాడు ఒక్కడే అయితే? అమ్మేవాడు ఒక్కడే ఉంటే గుత్తాధిపత్యం అంటాం. ఇది దానికి అద్దం బొమ్మ, మోనాప్సనీ అంటారు.

ఒక లెక్క చేసి చూద్దాం. చుట్టుపక్కల ఒకే ఫ్యాక్టరీ ఉంది. 10 మంది రోజుకు 100 రూపాయల చొప్పున జీతానికి పనిచేస్తున్నారు. ఒక్కొక్కరు రోజుకు 180 విలువైన సరుకు తయారుచేస్తారు. 11వ మనిషి 110 ఇస్తేగాని రానంటున్నాడు. ఒకే పనికి కొత్తవాడికి ఎక్కువ, పాతవాళ్ళకు తక్కువ ఇస్తే ఊరుకోరు కాబట్టి అందరికీ 110 చేయాలి. ఇదివరకు జీతాల బిల్లు 1,000. ఇప్పుడు 11 మందికి 110 చొప్పున 1,210. అంటే 11వ మనిషి వల్ల పెరిగిన ఖర్చు 110 కాదు, 210. అతని వల్ల వచ్చేది 180. యజమాని అతన్ని తీసుకోడు. అడిగిన 110 కన్నా ఎక్కువ సంపాదించి పెట్టగలిగీ ఆ మనిషి పనిలేకుండా మిగిలిపోయాడు, మిగతా పదిమందీ 180 తయారుచేసి 100 తీసుకుంటున్నారు.

ఇప్పుడు కనీస వేతనం 110 అని చట్టం వచ్చిందనుకోండి. పాత 10 మందికి 110 చొప్పున ఎలాగూ ఇవ్వాల్సిందే. 11వ మనిషిని తీసుకుంటే అదనంగా అయ్యేది 110 మాత్రమే, వచ్చేది 180. ఇప్పుడు తీసుకుంటాడు. వేతనం పెరిగింది, ఉద్యోగాలూ పెరిగాయి. అదే చట్టం 190 అంటే మాత్రం ఒక్కరిని కూడా ఉంచుకోవడం గిట్టుబాటు కాదు. కాబట్టి కనీస వేతనం మంచిదా చెడ్డదా అనేదానికి ఒక్క మాటలో జవాబు లేదు. ఆ మార్కెట్లో యజమానికి ఎంత పట్టు ఉంది, వేతనం ఎంత దగ్గర పెట్టారు అన్నదాన్ని బట్టి ఉంటుంది. 1992లో న్యూజెర్సీ కనీస వేతనాన్ని గంటకు 4.25 డాలర్ల నుంచి 5.05 డాలర్లకు పెంచింది. అక్కడి ఫాస్ట్‌ఫుడ్ దుకాణాలను పక్క రాష్ట్రం పెన్సిల్వేనియాలోని దుకాణాలతో పోల్చి, ఉద్యోగాలు తగ్గలేదని ఆర్థికవేత్తలు కార్డ్, క్రూగర్ 1994లో చూపించారు. దాని మీద వాదోపవాదాలు చాలాకాలం నడిచాయి. ఆ చర్చలో ఇరుపక్షాలూ తిరిగి తెరవాల్సి వచ్చింది రాబిన్సన్ వేసిన బొమ్మనే. నైపుణ్యం సమానంగా ఉన్నా, వేరే చోటికి వెళ్ళగలిగే వీలు తక్కువగా ఉన్న వర్గానికి యజమాని తక్కువ వేతనం ఇచ్చి గట్టెక్కగలడని కూడా ఆమె అదే పుస్తకంలో తేల్చారు. ఆడవాళ్ళ వేతనాల గురించి తర్వాత వచ్చిన చర్చకు అది గట్టి పునాది. 1983లో కన్నుమూసేదాకా ఆమెకు నోబెల్ ఇవ్వలేదు. అది ఆ బహుమతికే లోటు అని నేను నమ్ముతాను.

అమెరికా పరిశోధకురాలు ఎలినార్ ఆస్ట్రమ్ దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగండి. ఆవిడ చదువుకున్న రోజుల్లో బళ్ళో అమ్మాయిలను పై స్థాయి గణితం వైపు పోనిచ్చేవారు కాదు. త్రికోణమితి చదవలేదు కాబట్టి కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం (లాస్ ఏంజెలెస్) ఎకనామిక్స్ పీహెచ్‌డీలో సీటు రాలేదు. రాజనీతిశాస్త్రంలో చేరి 1965లో డాక్టరేట్ తెచ్చుకున్నారు. లాస్ ఏంజెలెస్ దగ్గర భూగర్భ జలాన్ని జనం ఎలా పంచుకుంటున్నారన్నది ఆవిడ పరిశోధన. ఎకనామిక్స్ నోబెల్ 1969లో మొదలైతే, 40 ఏళ్ళ తర్వాత 2009లో దాన్ని అందుకున్న తొలి మహిళ ఆవిడే.

ఉమ్మడి వనరు అంటే ఏమిటో ముందు తెలియాలి. వాడుకోకుండా ఎవరినీ సులువుగా ఆపలేం, కాని ఒకరు తీసుకున్నంత మేర ఇంకొకరికి తగ్గిపోతుంది. చేపల చెరువు, పశువుల మేత బీడు, భూగర్భ జలం ఇలాంటివే. అలాంటిదాన్ని స్వేచ్ఛగా వదిలేస్తే ప్రతివాడూ తన లాభం చూసుకుని చివరికి అందరూ నష్టపోతారని జీవశాస్త్రవేత్త గారెట్ హార్డిన్ 1968లో రాశారు. దాన్నుంచి చాలామంది తీసుకున్న తీర్పు: అయితే ప్రభుత్వం చేతికివ్వాలి, లేదంటే ముక్కలు చేసి ప్రైవేటు ఆస్తిగా పంచాలి. ఆస్ట్రమ్ చేసినదల్లా జనం నిజంగా ఏం చేస్తున్నారో వెళ్ళి చూడటం, చూసినవాళ్ళు రాసిన వందల నివేదికలను కూడబెట్టి పోల్చడం.

టర్కీలో అలన్యా తీరంలో జాలర్ల పద్ధతి ఆవిడ 1990 నాటి పుస్తకంలో ఉంది. మంచి తావుల కోసం ఒకప్పుడు అక్కడ కొట్లాటలు జరిగేవి. తర్వాత వాళ్ళే ఒక ఏర్పాటు చేసుకున్నారు. ఏటా సెప్టెంబరులో అర్హులైన జాలర్ల జాబితా వేస్తారు. వల వేయదగ్గ తావులన్నిటికీ పేర్లు పెట్టి, ఒకచోట వేసిన వల పక్క తావుకు వచ్చే చేపను అడ్డుకోనంత దూరంలో గుర్తిస్తారు. చీటీలు తీస్తారు. సెప్టెంబరు నుంచి జనవరి వరకు ప్రతివాడూ రోజుకో తావు చొప్పున తూర్పుకు జరుగుతాడు. జనవరి నుంచి మే వరకు పడమరకు జరుగుతాడు. చేపల గుంపులు వలసపోయే దారిలో అందరికీ సమానంగా అవకాశం దక్కుతుంది. కాపలా ఖర్చు కూడా ఉండదు, ఎందుకంటే మంచి తావులో ఈరోజు వంతు ఎవరిదో వాడు తెల్లవారకముందే అక్కడ ఉంటాడు, వేరేవాడు వల వేస్తే చూస్తూ ఊరుకోడు.

ఇలాంటి వాటినుంచి ఆవిడ కొన్ని లక్షణాలు తీశారు. ఎవరికి హక్కుందో స్పష్టంగా ఉండాలి, నియమం ఆ చోటికి తగ్గట్టు ఉండాలి, దాన్ని పాటించేవాళ్ళకే మార్చుకునే వీలుండాలి, తప్పు చేస్తే మొదటిసారి చిన్న శిక్ష, మళ్ళీ చేస్తే పెద్దది. అన్ని చోట్లా ఇది నెగ్గుతుందని ఆవిడ అనలేదు. అదే టర్కీలో బోడ్రమ్, ఇజ్మీర్ తీరాల్లో విఫలమైన ఉదాహరణలను అదే పుస్తకంలో ఇచ్చారు. సెమినార్లలో ఈ సగం చాలామంది వదిలేస్తారు, మీరు వదలకండి.

2023లో నోబెల్‌ను ఎవరితోనూ పంచుకోకుండా అందుకున్న క్లాడియా గోల్డిన్ పని కూడా లెక్కకు సంబంధించినదే. పాత జనాభా లెక్కల్లో పెళ్ళైన ఆడవాళ్ళకు 'భార్య' అని రాసి ఊరుకునేవారు, పొలంలోనో ఇంటి వ్యాపారంలోనో వాళ్ళు చేసే పని నమోదయ్యేది కాదు. వాటిని సరిచేసి 200 ఏళ్ళ అమెరికా చరిత్ర చూస్తే, ఆర్థిక వ్యవస్థ పెరిగేకొద్దీ ఆడవాళ్ళ ఉద్యోగాలు కూడా ఆగకుండా పెరుగుతూ వచ్చాయన్న నమ్మకం తప్పని తేలింది. వ్యవసాయం నుంచి కర్మాగారాలకు మారినప్పుడు తగ్గి, సేవారంగం విస్తరించాక మళ్ళీ పెరిగాయి. నేటి వేతన వ్యత్యాసంలో ఎక్కువ భాగం ఒకే వృత్తిలో, మొదటి బిడ్డ పుట్టిన తర్వాత మొదలవుతోందని కూడా ఆమె చూపించారు. కారణం కొన్ని ఉద్యోగాల్లో గంటకీ జీతానికీ ఉన్న సంబంధం. ఎప్పుడు పిలిస్తే అప్పుడు పలికే లాయరుకు వారానికి 60 గంటలకు వచ్చేది, 30 గంటలకు వచ్చేదానికి రెట్టింపు కన్నా బాగా ఎక్కువ. అలాంటప్పుడు దంపతుల్లో ఒకరు ఆ ఉద్యోగంలో ఉండి, ఇంకొకరు ఇల్లు చూసుకోవడం ఇంటి బడ్జెట్‌కు లాభం. ఆ ఇంకొకరు సాధారణంగా ఎవరవుతున్నారో చెప్పక్కర్లేదు. ఫార్మసిస్టుల్లో ఈ తేడా చాలా తక్కువ, ఎందుకంటే మందుల వివరాలన్నీ కంప్యూటర్లో ఉండి ఒకరి బదులు ఇంకొకరు సులువుగా కూర్చోగలిగారు. ప్రత్యామ్నాయం అనే భావన ఇంతకన్నా బాగా తెలిసే ఉదాహరణ నేను చూడలేదు.

వ్యాపారం సంగతికి వస్తే, ప్రతిభ గురించి కన్నా పెట్టుబడి గురించి మాట్లాడమంటాను. అప్పు ఇచ్చేవాడికి తీసుకునేవాడి గురించి పూర్తిగా తెలియదు. ఆ తెలియనితనాన్ని తాకట్టుతో, పూచీకత్తుతో పూడ్చుకుంటాడు. ఆస్తి తన పేరు మీద లేని మనిషి ఇక్కడే ఆగిపోతుంది. అమెరికాలో వ్యాపార రుణానికి మగవాళ్ళ సంతకం అడిగే రాష్ట్ర చట్టాలు 1988 దాకా మిగిలే ఉన్నాయి. మ్యూరియల్ సీబర్ట్ న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజిలో సీటు (అక్కడ షేర్లు కొని అమ్మే సభ్యత్వ హక్కు) కొనబోతే దాని ధర 4,45,000 డాలర్లు. అందులో 3 లక్షలు అప్పిస్తామని బ్యాంకు రాసివ్వాలని ఎక్స్ఛేంజి షరతు పెట్టింది. ఎక్స్ఛేంజి చేర్చుకుంటుందని తేలితేగాని రాసివ్వమని బ్యాంకులు అన్నాయి. ఈ ముడి విప్పడానికి రెండేళ్ళు పట్టి, 1967 డిసెంబరులో 1,365 మంది మగవాళ్ళ మధ్య ఆమె ఒక్కరే సభ్యురాలయ్యారు.

తలుపు తెరవనప్పుడు సొంత తలుపు పెట్టుకున్నవాళ్ళూ ఉన్నారు. మ్యాగీ లీనా వాకర్ 1903లో వర్జీనియాలోని రిచ్‌మండ్‌లో నల్లజాతి వాళ్ళ చిన్న పొదుపులతో బ్యాంకు పెట్టారు. మన దేశంలో ఇలాబెన్ భట్ స్థాపించిన స్వయం ఉపాధి మహిళల సంఘం 'సేవా' 1972లో యూనియన్‌గా నమోదుకు వెళ్తే, మీకు యజమానే లేడు, ఎవరి మీద పోరాడతారని అధికారులు అడ్డుపడ్డారు. యూనియన్ అంటే ఎవరికో వ్యతిరేకంగానే ఉండనక్కర్లేదు, పనిచేసేవాళ్ళ ఐక్యత కోసం అన్నది వాళ్ళ జవాబు. 1974లో 4,000 మంది మహిళలు తలా 10 రూపాయల వాటాతో సేవా బ్యాంకు పెట్టుకున్నారు. ఆస్తి లేని చోట ఒకరినొకరు ఎరిగుండటమే పూచీకత్తుగా పనిచేసింది. సమాచారం కొరతకు ఇది అచ్చంగా ఆర్థికశాస్త్రం చెప్పే పరిష్కారమే.

ద్రవ్యం గురించి చెప్పాల్సి వస్తే అన్నా ష్వార్ట్జ్ పేరు మరవకండి. 1929-33 మధ్య అమెరికాలో ద్రవ్య సప్లై మూడో వంతు పడిపోయిందని మిల్టన్ ఫ్రీడ్‌మన్‌తో కలిసి 1963లో అంకెలతో నిరూపించారు. ఆ పుస్తకం వచ్చిన మరుసటి ఏడాదే ఆమెకు పీహెచ్‌డీ వచ్చింది.

ఇన్ని పేర్లూ ఒకే సెమినార్‌లో పెట్టకండి. 15 నిమిషాలుంటే రీడ్, రాబిన్సన్, ఆస్ట్రమ్ చాలు, అరగంట ఉంటే గోల్డిన్‌ను కలపండి. రాబిన్సన్ భాగంలో నేను ఇచ్చిన అంకెలను బోర్డు మీద పట్టికగా వేయండి: మనుషుల సంఖ్య, జీతం, మొత్తం బిల్లు, అదనపు ఖర్చు, అదనపు రాబడి. 11వ వరస దగ్గర ఆపి, యజమాని ఇతన్ని తీసుకుంటాడా లేదా అని తరగతిని చేతులెత్తమనండి. ఎక్కువమంది తీసుకుంటాడనే అంటారు, జీతం 110, రాబడి 180 కదా అని. అప్పుడు 210 రాసి చూపించండి.